బీ హోటల్: కొనేముందు గొట్టంలోకి తొంగి చూడండి

తోట సామాన్లు అమ్మే చోట ఈమధ్య బాగా కనిపిస్తున్న వస్తువు బీ హోటల్, అంటే తేనెటీగలు గూడు పెట్టుకుంటాయంటూ అమ్మే పెట్టె. చిన్న చెక్క ఇల్లు, పైన వాలు కప్పు, లోపల వెదురు గొట్టాలు, బెజ్జాలు పెట్టిన దుంగ ముక్కలు, కొన్ని పైన్ కాయలు, మధ్యలో సీతాకోకచిలుకల కోసమంటూ నిలువు చీలికలున్న ఎర్ర పలక. దీన్ని గోడకు తగిలిస్తే తేనెటీగల్ని కాపాడినట్టేనని అట్టపెట్టె మీద రాసి ఉంటుంది. ఈ సమీక్ష ఫలానా కంపెనీ సరుకు గురించి కాదు. ఎవరి ముద్ర ఉన్నా లోపల నమూనా దాదాపు ఒకటే, లోపాలూ అవే. తీర్పు ముందే చెప్పేస్తాం: కొన్నది కొన్నట్టు తగిలిస్తే ఐదుకు ఒకటిన్నర. లోపలి సరుకు తీసేసి, గొట్టాలు మార్చి, ఏటా శుభ్రం చేస్తే మూడున్నర. ఆ ఓపిక లేనివాళ్లు కొనకపోవడమే తేనెటీగలకు మేలు.

ఇందులోకి పట్టు పెట్టే తేనెటీగలు రావు. చాలామంది తేనె వస్తుందనుకుని కొని, నిరాశపడి, ఒక్క నక్షత్రం ఇచ్చి పోతున్నారు. అది వస్తువు తప్పు కాదు. ప్రపంచంలో 20 వేలకు పైగా తేనెటీగ జాతులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఒంటరివి. రాణి, కూలీలు, పట్టు, ఇవేవీ ఉండవు. ఆడ ఈగ ఒక్కతే చోటు చూసుకుంటుంది, పుప్పొడి, మకరందం కలిపి ముద్ద చేస్తుంది, దాని మీద ఒక గుడ్డు పెడుతుంది, అడ్డుగోడ కట్టి పక్క గది మొదలుపెడుతుంది. ఈ ఒంటరి జాతుల్లో ఇంచుమించు 70 శాతం నేలలో బొరియ తవ్వుకుంటాయి. మిగతావి బోలు కాడల్లో, ఎండు చెక్కలోని పాత పురుగు బెజ్జాల్లో ఉంటాయి. బీ హోటల్ పనికొచ్చేది ఈ మిగతా వాటికే. కాపలా కాయాల్సిన పట్టు లేదు కనుక ఇవి మనుషుల మీదికి రావు. చేత్తో నలిపితే తప్ప ఆడవి కుట్టడం అరుదు, మగవాటికి ముల్లే లేదు. పిల్లలు తిరిగే వరండాలో పెట్టినా ఇబ్బంది లేదు.

గొట్టాలిచ్చి ఈగల్ని పిలవడం కొత్త ఆలోచన కాదు. జపాన్‌లో యాపిల్ రైతులు 1940ల నుంచే రెల్లు కట్టలు పెట్టి మట్టిగోడలు కట్టే ఆస్మియా జాతి ఈగల్ని పూత మీదికి రప్పిస్తున్నారు. ఉత్తర అమెరికాలో అల్ఫాల్ఫా (లూసర్న్ అనే పశుగ్రాసం) విత్తన పంటకు ఆకులు కత్తిరించే ఈగల్ని బెజ్జాల పలకల్లో పెంచుతారు. అంటే పద్ధతి పనిచేస్తుంది. దుకాణంలో దొరికే పెట్టెలో పోయింది ఆ పద్ధతిలోని కొలతలే.

అన్నిటికంటే పెద్ద లోపం లోతు. చవక నమూనాల్లో గొట్టం లోతు 5 నుంచి 8 సెంటీమీటర్లకు మించదు. ఉండాల్సింది 15. తేడా వస్తే ఏమవుతుందంటే, తల్లి ఈగ పిల్ల ఆడదో మగదో తానే నిర్ణయించగలదు: ఫలదీకరణం చేసిన గుడ్డు ఆడది అవుతుంది, చేయనిది మగది. ఆడ గుడ్లను గొట్టం లోపలి కొసన, మగ గుడ్లను వాకిలి దగ్గర పెడుతుంది. మగవి ముందు పుట్టి బయటికి రావాలి కాబట్టి ఈ వరస. పక్షో పరాన్నజీవో వాకిలి దగ్గర గది పాడుచేసినా వెనకాల ఉన్న ఆడవి మిగులుతాయి. గొట్టం పొట్టిదైతే లోపలి గదులకు చోటుండదు, పుట్టేవన్నీ దాదాపు మగవే. గొట్టాలన్నీ నిండి కళకళలాడుతున్న పెట్టెలో నుంచి వచ్చే ఏటికి గూడు కట్టే ఆడవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని రావచ్చు. కొనేటప్పుడు సన్న పుల్ల ఒకటి లోపలికి దూర్చి కొలిస్తే చాలు, విషయం తేలిపోతుంది.

రెండోది వెనక వైపు. చాలా పెట్టెల్లో గొట్టం రెండు చివరలా తెరిచే ఉంటుంది, వెనక పలక కూడా ఉండదు. గాలి సాగే గొట్టంలో ఈగ గూడు కట్టదు. వెదురులో కణుపు దగ్గర సహజంగా గోడ ఉంటుంది కాబట్టి కణుపు వెనక్కి వచ్చేలా కోస్తే మూత దానంతట అదే వస్తుంది. ఫ్యాక్టరీలో గొట్టాలన్నీ ఒకే పొడవు ఉండాలి, కణుపు ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. కొన్ని గొట్టాల్లో కణుపు సరిగ్గా వాకిలి నుంచి రెండు సెంటీమీటర్ల దూరంలో అడ్డంగా కూర్చుంటుంది. ఆ గొట్టం దండగ.

ఇక వాకిలి. ఒక గొట్టాన్ని వెలుతురులో పెట్టి అంచు చూడండి. మొద్దు రంపంతో కోసిన వెదురు అంచున నార లేచి ఉంటుంది, కొన్ని పేళ్లు లోపలికి వంగి సూదుల్లా నిలబడి ఉంటాయి. ఈగ తల ముందుగా లోపలికి పోయి, చాలాసార్లు వెనక్కి నడుచుకుంటూ బయటికి వస్తుంది. ఆ పేడు రెక్కను చీలుస్తుంది. పరీక్ష సులువు: పుల్లకు కాస్త దూది చుట్టి గొట్టంలోకి తోసి, గుండ్రంగా తిప్పి బయటికి లాగండి. దూది పోగులు లోపల చిక్కుకుంటే గొట్టం గరుకుగా ఉన్నట్టు. డ్రిల్లు చేసిన దుంగ ముక్కల్లోనూ ఇదే సమస్య, పైగా వాటిని దుంగ అడ్డకోత మీద పొడుస్తారు. అడ్డకోత ఎండలో చీలుతుంది. ఆ చీలిక బెజ్జంలోంచి పోతే వానచెమ్మ, చీమలు, పరాన్న కందిరీగలు అన్నిటికీ దారి దొరికినట్టే.

గొట్టం వ్యాసం, అంటే బెజ్జం అడ్డుకొలత గురించి పెట్టె మీద ఏమీ రాయరు. 3 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య ఉన్నవి పనికొస్తాయి. 12 దాటిన గొట్టాల్లో సాలీళ్లు కాపురం పెట్టడమే ఎక్కువ, చెక్క తొలిచే పెద్ద నల్ల తుమ్మెదలుంటే వాటికి ఒకటి రెండు లావు వెదుళ్లు విడిగా కట్టడం మంచిది. పైన్ కాయల్లో ఏ తేనెటీగా గూడు పెట్టదు. చీలికల పలకలోకి సీతాకోకచిలుకలు వచ్చి పడుకుంటాయన్నదీ అంతే. ఈ రెండూ కొనేవాళ్ల కంటికి పెట్టిన అలంకారం. గాజు, ప్లాస్టిక్ గొట్టాలున్న ఖరీదు నమూనాలు ఇంకా అన్యాయం. లోపల జరిగేది చూడొచ్చని అమ్ముతారు గానీ, పుప్పొడి ముద్దలోని తేమ ఎటూ పోలేక గోడలకు పట్టి బూజు వస్తుంది, పిల్ల చచ్చిపోతుంది. అలా చూడాలనుకుంటే ఒకదాని మీద ఒకటి పేర్చి, విప్పి శుభ్రం చేసుకోగల చెక్క పలకల రకం కొనండి. దొరికేవాటిలో డబ్బుకు న్యాయం చేసేది అదొక్కటే.

కొనేసిన పెట్టె ఇంట్లో ఉంటే పారేయక్కర్లేదు, చట్రం పనికొస్తుంది. కాయలు, పలక, దుంగ ముక్కలు తీసేయండి. వెనక పలక లేకపోతే పలచని ప్లైవుడ్ కొట్టండి. పెట్టె లోతు 15 సెంటీమీటర్ల కంటే తక్కువైతే గొట్టాలు ముందుకు పొడుచుకొస్తాయి, అప్పుడు కప్పును పెంచాలి: గొట్టాల మూతుల కంటే కనీసం 5 నుంచి 7 సెంటీమీటర్లు ముందుకు చూరు రావాలి. వార్నిష్, రంగు, చెదల మందు పూసిన చెక్క వాడొద్దు.

గొట్టాలకు ఎండిన రెల్లు మంచిది. కత్తెరతో కోస్తే నలిగి పగులుతుంది, సన్న పళ్ల రంపంతో కోసి అంచును గరుకు కాగితంతో రుద్దండి. లోపల మెత్తటి గుజ్జు ఉంటే పొడుగాటి డ్రిల్లు బిట్టును చేత్తోనే తిప్పి తీసేయొచ్చు. రెల్లు దొరక్కపోతే కాగితం. 15 సెంటీమీటర్ల వెడల్పు మామూలు కాగితాన్ని గుండ్రటి పెన్సిల్ చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టి, అంచు అంటించి, పెన్సిల్ లాగేసి, ఒక కొస మడిచి మట్టితో మూసేస్తే 7, 8 మిల్లీమీటర్ల గొట్టం తయారు. మైనం పూసిన కాగితం వద్దు, తేమ ఆగిపోతుంది. విడి కాగితపు గొట్టం గోడ పలచనైతే పరాన్న కందిరీగ బయటి నుంచే సూది గుచ్చి గుడ్డు పెడుతుంది. అందుకే కాగితపు గొట్టాన్ని కాస్త లావు వెదురులోనో చెక్క బెజ్జంలోనో దూర్చి పెడితే రెండు లాభాలు: రక్షణ ఉంటుంది, తర్వాత కాగితం మాత్రం లాగి మార్చుకోవచ్చు.

చెక్క దిమ్మె డ్రిల్లు చేసేవాళ్లు బాగా ఎండిన గట్టి చెక్క తీసుకుని, నార సాగిన దిశకు అడ్డంగా, అంటే దిమ్మె పక్క ముఖం మీద బెజ్జాలు పెట్టాలి. బెజ్జానికీ బెజ్జానికీ మధ్య 2 సెంటీమీటర్లు వదలండి. 6 నుంచి 10 మిల్లీమీటర్ల బెజ్జాలకు 15 సెంటీమీటర్ల లోతు, 3 నుంచి 5 మిల్లీమీటర్లవాటికి 8 నుంచి 10 చాలు. దిమ్మె అవతలికి పోకుండా బిట్టు మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. ప్రతి రెండు మూడు సెంటీమీటర్లకూ బిట్టు బయటికి లాగి పొట్టు దులపకపోతే లోపలి గోడ కాలి గరుకు తేలుతుంది.

ఒకే పెద్ద హోటల్ కంటే 20, 30 గొట్టాలున్న చిన్న కట్టలు రెండు మూడు చోట్ల పెట్టడం మేలు. గూళ్లన్నీ ఒకేచోట గుమిగూడితే పరాన్నజీవులకు వెతుక్కునే పని తప్పుతుంది. వందల గొట్టాల గోడలు ఫొటోలో బాగుంటాయి, అంతవరకే.

తగిలించే పద్ధతిలోనూ చాలామంది తప్పటడుగు వేస్తారు. పెట్టెతో పాటు వచ్చే తాడు తీసి పక్కన పడేయండి. గాలికి ఊగే గూట్లోకి బరువు మోసుకొచ్చిన ఈగ దిగలేదు. స్క్రూలతో గోడకో స్తంభానికో కదలకుండా బిగించాలి. ఎత్తు మీటరు నుంచి రెండు మీటర్లు. ఉదయపు ఎండ మూతుల మీద పడాలి, కాబట్టి తూర్పో ఆగ్నేయమో చూడాలి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న దేశాల్లో అయితే ఈశాన్యం. ఎండలు ముదిరే ప్రాంతాల్లో మధ్యాహ్నం నుంచి నీడ తప్పనిసరి, లేదంటే లోపలి పిల్లలు ఉడికిపోతాయి. ముందు కొమ్మలు అడ్డం రాకూడదు. చీమలు ఎక్కే చోటైతే బ్రాకెట్ కాడకు గ్రీజు పట్టీ రాయండి, గొట్టాల దగ్గర మాత్రం కాదు. పక్షులు పొడుస్తుంటే ఇనుప జాలీ కొట్టొచ్చు, మూతులకు ఐదారు సెంటీమీటర్ల ముందు ఉండేలా. మూతులకే ఆనించి కొడితే పక్షి ముక్కు ఎలాగూ అందుతుంది.

మట్టిగోడలు కట్టే జాతులకు దగ్గర్లో తడి మట్టి ఉండాలి. ఎండిపోయిన తోటలో హోటల్ పెట్టి ఏమీ రాలేదని అనుకునేవాళ్లు ఒక మూల చిన్న గుంట తవ్వి, బంకమట్టి తడిగా ఉంచి చూడాలి. ఇసుక మట్టి పనికిరాదు, ముద్ద కట్టదు.

ఎవరు దిగారో మూత చూసి చెప్పొచ్చు. మట్టి మూతైతే ఆస్మియా లాంటి మేస్త్రీ ఈగ కావచ్చు, సాలీళ్లను పట్టి నింపుకునే సన్న కందిరీగా కావచ్చు. ఆకు ముక్కలు పొరలు పొరలుగా ఉంటే ఆకులు కత్తిరించే మెగాకైలీ. దాని కోసం గులాబీ ఆకుల అంచున గుండ్రంగా కత్తిరించిన ముక్కలు కనిపిస్తాయి, మొక్కకు నష్టమేమీ లేదు, మందు కొట్టాల్సిన తెగులు అంతకన్నా కాదు. మెరిసే బంక మూతలు పెట్టేవీ ఉన్నాయి. ఎండుగడ్డి పోచలు మూతిలోంచి చీపురులా వేలాడుతుంటే అది గడ్డి మోసే కందిరీగ. దాన్ని తరిమేయనక్కర్లేదు, అది మిడత జాతి పురుగుల్ని పట్టుకెళుతుంది. కెనడాలోని టొరంటోలో 2011 నుంచి 2013 వరకు దాదాపు 600 బీ హోటళ్లను గమనించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. అక్కడ తేనెటీగల కంటే కందిరీగలే ఎక్కువ కనిపించాయి. ప్రతి సంవత్సరం దాదాపు నాలుగింట మూడు వంతుల హోటళ్లలో అవి ఉన్నాయి. దిగిన తేనెటీగల్లో సగానికి దగ్గరగా బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడిన జాతులవి. పెట్టె పెట్టగానే స్థానిక జాతులు పెరిగిపోతాయన్న ప్రచారాన్ని ఈ లెక్క పక్కన పెట్టుకుని చదవాలి.

అట్టపెట్టె మీద కనిపించని అసలు ఖర్చు శుభ్రతే. ఏళ్ల తరబడి అవే గొట్టాలు వాడితే పుప్పొడి తినే సన్న నల్లులు (మైట్లు) పేరుకుంటాయి. గొట్టం చీల్చి చూస్తే పసుపుపచ్చటి పొడిలా ఉండి, భూతద్దం పెడితే ఆ పొడి కదులుతుంది. కొత్తగా పుట్టిన ఈగ ఆ గొట్టంలోంచే నడిచి రావాలి, ఒంటి నిండా నల్లులతో ఎగరలేక పడిపోతుంది. సుద్దముక్కలా గట్టిపడి చచ్చిన పిల్లలు కనిపిస్తే అది శిలీంధ్ర రోగం. ఆ గొట్టాన్ని కాల్చేయండి. మట్టి మూతలో గుండుసూది మొనంత చిల్లు ఉంటే లోపలివి పరాన్న కందిరీగకు ఆహారమై, అది బయటికి వెళ్లిపోయినట్టు లెక్క. గొట్టం వెడల్పుకు సరిపడా చిల్లు ఉంటేనే ఈగ క్షేమంగా వచ్చినట్టు.

చలికాలం గట్టిగా ఉండే ప్రాంతాల్లో పని తేలిక. గూళ్లు కట్టడం ఆగాక నిండిన గొట్టాల్ని తీసి, పలచని నేత గుడ్డ సంచిలో వేసి, మట్టి మూతలు పైకి ఉండేలా నిలబెట్టి, ఎలుకలు చేరని చల్లటి గదిలో పెట్టాలి. వెచ్చటి ఇంట్లో పెడితే పువ్వులు లేని కాలంలో మేలుకుంటాయి, లేదా దాచుకున్న కొవ్వు కరిగిపోయి నీరసిస్తాయి. వసంతంలో ఆ గొట్టాల్ని ఒక వైపు సెంటీమీటరు చిల్లున్న అట్టపెట్టెలో పెట్టి, పక్కనే కొత్త గొట్టాలు ఉంచండి. బయటికొచ్చిన ఈగలు చీకటి పెట్టెలోకి తిరిగి పోవు, కొత్తవాటిలో దిగుతాయి. ఏడాది పొడవునా తరాలు నడిచే వెచ్చటి ప్రాంతాల్లో ఇలా ఒక్కసారిగా తీయడం కుదరదు. అక్కడ మూత పడిన ప్రతి గొట్టం మీద పెన్సిల్‌తో తేదీ రాయండి. మూత పగిలి ఖాళీ అయినవాటిని వెంటనే మార్చండి, రెండేళ్లు దాటినా మూత తెరుచుకోనివాటిని తీసేయండి. చెక్క దిమ్మె అయితే రెండేళ్లకోసారి కొత్తది. పాత బెజ్జాల్ని కడిగి మళ్లీ వాడదామంటే చెమ్మ చేరి ఇంకో తలనొప్పి.

సెట్‌గా అమ్మేటప్పుడు హోటల్‌తో పాటు ఇంకొన్ని ఇస్తున్నారు. వాటిలో పూల విత్తనాల పొట్లం ఆలోచన బాగుంది, సరుకే సందేహం. పొట్లం మీద మొక్కల పేర్లు లేకపోతే చల్లొద్దు, మీ ప్రాంతానికి చెందని కలుపు దిగే ప్రమాదం ఉంది. పేర్లుంటే, అవి మీ నేల మొక్కలో కాదో చూసి, గడ్డి పూర్తిగా తీసేసిన చదరపు మీటరుకు 3 నుంచి 5 గ్రాములు, మూడు నాలుగింతల పొడి ఇసుక కలిపి చల్లి, కాలితో తొక్కి వదిలేయండి. పైన మట్టి కప్పితే సన్న విత్తనాలు మొలవవు. ఎరువు వేస్తే గడ్డి పైకొచ్చి పూల మొక్కల్ని అణిచేస్తుంది. ముద్ద పూలు వద్దు, అదనపు రేకుల కోసం కేసరాలు పోగొట్టుకున్న రకాల్లో ఈగకు మిగిలేది తక్కువ. ఒక్క వరస రేకుల బంతి, పొద్దుతిరుగుడు, పూతకు వదిలేసిన కొత్తిమీర, తులసి, ఇవి చౌక రంగురంగుల మిశ్రమం కంటే నయం. చిన్న ఒంటరి ఈగలు గూటి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి పోలేవు. చుట్టుపక్కల పూలు లేకుండా హోటల్ మాత్రమే పెడితే ఖాళీగా ఉండటంలో వింత లేదు.

నీళ్ల పళ్లెం ఫర్వాలేదు. గులకరాళ్లు నీటి పైకి తేలేలా పోసి, రెండు రోజులకోసారి నీళ్లు పారబోసి మార్చండి, లేకపోతే దోమలకు పురుడు పోసినట్టవుతుంది. నీరసించిన ఈగకు పట్టమంటూ ఇచ్చే, తాళాలగుత్తికి తగిలించుకునే చక్కెర పాకం సీసా మాత్రం బొమ్మ. నేల మీద కదలకుండా ఉన్న ఈగను పక్కనున్న పువ్వు మీద పెడితే చాలు. ఆ సీసాలో పాకం పులిసిపోవడమే తరచూ జరిగేది. తేనె అసలు పెట్టొద్దు, అందులో తేనెటీగ పిల్లల్ని చంపే ఫౌల్‌బ్రూడ్ రోగపు బీజాలు ఉంటే పట్టు ఈగల గూళ్లకు పాకిపోతుంది.

అదే తోటలో పురుగుల మందు వాడుతుంటే హోటల్‌కు పెట్టిన డబ్బు వృథా. ఇమిడాక్లోప్రిడ్, థయామెథోక్సామ్, క్లోథయానిడిన్ లాంటి నియోనికోటినాయిడ్లు మొక్క ఒళ్లంతా పాకి పుప్పొడిలోకి, మకరందంలోకి చేరతాయి. ఈ మూడింటినీ ఆరుబయట పంటల మీద వాడకుండా యూరోపియన్ యూనియన్ 2018లో నిషేధించింది. నర్సరీలో 'తేనెటీగలకు ఇష్టమైన మొక్క' అని అమ్మే కుండీకి ఇవే పోసి ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి. మందు తప్పనిసరైతే పూత లేనప్పుడు, సాయంత్రం ఈగలు గూటికి చేరాక, తెగులున్న కొమ్మ మీద మాత్రమే. సేంద్రియం అని రాసి ఉన్న పైరెత్రిన్ కూడా తగిలిన ఈగను చంపుతుంది.

హోటల్ కంటే తక్కువ శ్రమతో ఎక్కువ జాతులకు చోటిచ్చేవి రెండున్నాయి, అవి ఏ దుకాణంలోనూ దొరకవు. బోలు కాడలున్న మొక్కలు ఎండాక మొదలంటా నరకకుండా 30 నుంచి 45 సెంటీమీటర్లు వదిలేయండి. తర్వాతి కాలంలో వాటి కోసిన కొసల్లోంచి ఈగలు దిగుతాయి. ఎక్కడో ఒకటి కాకుండా తోటంతా చెదిరి ఉంటాయి కాబట్టి పరాన్నజీవుల బెడదా తక్కువ. రెండోది నేల. ఎండ పడే, నీరు నిలవని చోట జానెడో మూరెడో మట్టిని దేనితోనూ కప్పకుండా ఖాళీగా వదలండి, తవ్వొద్దు. కలుపు రాకుండా పరిచే ప్లాస్టిక్ పట్టాలు, మందంగా వేసే చెక్క పొట్టు ఈ బొరియల్ని నిలువునా మూసేస్తాయి. సన్న మట్టి గుట్ట, మధ్యలో పెన్సిల్ దూరేంత చిల్లు కనిపిస్తే చీమల పుట్ట అనుకుని మందు పోసేవాళ్లు ఎక్కువ. కాసేపు ఆగి చూడండి: కాళ్లకు పసుపు పొడి అంటించుకున్న ఈగ అందులోకి దిగితే, ఆ చిల్లు చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి, అటువైపు నీళ్లు పారకుండా చూసుకుంటే సరిపోతుంది.